మీ పిల్లల్ని కొలవడానికి పంపండి: విదేశాల్లోని తెలుగు సంఘాల సేవా విభాగాలకు బహిరంగ లేఖ

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లోని తెలుగు సంఘాల సేవా విభాగాల బాధ్యులకు, పిల్లల్ని ఈ యాత్రలకు పంపుతున్న తల్లిదండ్రులకు నమస్కారం.

హైస్కూలు పిల్లల్ని పదీ పన్నెండు మందిని ఒక జట్టుగా చేర్చి, రెండు వారాలు ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో సేవ చేయించి తీసుకెళ్లడం మీలో చాలామందికి ఏటా జరిగే కార్యక్రమం అయిపోయింది. తిరిగి వెళ్లాక పిల్లలు ‘నా జీవితాన్ని మార్చేసిన ప్రయాణం’ అని వ్యాసాలు రాస్తారు. అది అబద్ధమని మేం అనం. పదహారేళ్ల అమ్మాయికి అమ్మమ్మ ఊరి బడి వరండాలో బాసింపట్టు వేసుకుని మధ్యాహ్న భోజనం తినడం కొత్తే. అది మనసును కదిలిస్తుంది కూడా. ఊరికి ఏం మిగిలిందన్నది వేరే లెక్క. ఈ ఉత్తరం ఆ లెక్క గురించి.

పల్లె బడులు, తాగునీటి ప్లాంట్లు, ఆరోగ్య కేంద్రాలు: వీటి పనిలో రోజూ ఉండేవాళ్లం మేము. మీ జట్టు వచ్చే ముందు ఏర్పాట్లూ, వెళ్లాక మిగిలినవి సర్దుకోవడమూ మా పనే. మేం అడిగేది ఒకటే. కట్టడానికి, రంగులు వేయడానికి, మందులు పంచడానికి పిల్లల్ని పంపడం మానేయండి. కొలవడానికి, రాసిపెట్టడానికి పంపండి. ఊళ్లో పనిచేసే చేతులకు కరువు లేదు. ఎవరో పెట్టి వెళ్లిన వస్తువు ఎలా నడుస్తోందో నెలనెలా చూసి రాసేవాళ్లకే కరువు.

ముందు తేదీల సంగతి. అమెరికా సెలవులు మే చివర్లోనో జూన్‌లోనో మొదలై ఆగస్టు మధ్య దాకా ఉంటాయి. మా దగ్గర బడులు ఏప్రిల్ చివరి వారంలో మూసి జూన్ 12న తెరుస్తారు. మే నెలాఖరున దిగిన జట్టుకు 43 డిగ్రీల ఎండ, తాళం వేసిన బడి కనిపిస్తాయి. జూన్ చివర్లో వస్తే బడి తెరిచే ఉంటుంది కానీ అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ, యూనిఫాం కొలతలతో టీచర్లకు ఊపిరాడదు. జులైలో వానలు, నాట్లు. ఊళ్లో ఆడవాళ్లంతా పొలంలో ఉంటారు, మీరు పెట్టిన అవగాహన సదస్సుకు ముసలివాళ్లూ చంటిపిల్లలూ వస్తారు. ఇక గోడలకు రంగు వేయాలంటే అంతకన్నా చెడ్డ నెల లేదు. నెమ్మెక్కిన గోడ మీద ఎంత ఖరీదైన ఎమల్షన్ వేసినా మూడు నెలల్లో పెచ్చులుగా లేస్తుంది. పాత సున్నం గీకాలి, కడగాలి, పూర్తిగా ఆరనివ్వాలి, ప్రైమర్ కొట్టాలి, పుట్టీ పెట్టి రుద్దాలి, మళ్లీ ప్రైమర్, ఆపైన రెండు కోట్లు. ఎండాకాలంలోనే వారం పట్టే పని ఇది. మీ జట్టు రెండు రోజుల్లో సున్నం మీదే రంగు పూసి, చేతి ముద్రలు వేసి, ఫొటో దిగుతుంది. దసరా నాటికి ఆ ముద్రలు వేళ్లు రాలిపోయి ఉంటాయి.

డిసెంబరు సెలవులు రెండు వారాలే అయినా అవే మేలు. నేల పొడిగా ఉంటుంది, బడి నడుస్తుంటుంది, దోమలు తగ్గుతాయి. ఆస్ట్రేలియా వాళ్లకు పెద్ద సెలవులు ఎలాగూ డిసెంబరు, జనవరిల్లోనే. సంక్రాంతి సెలవులకు ముందు మూడు వారాలు హాయిగా పని చేసుకోవచ్చు. బ్రిటన్ వాళ్లకు జులై చివరి నుంచి ఆగస్టు తప్ప మరో దారి లేకపోతే రండి, గోడల జోలికి మాత్రం పోకండి.

రెండు వారాలంటే పద్నాలుగు పనిదినాలు అనుకోకండి. రానూపోనూ ప్రయాణానికి మూడు రోజులు పోతాయి, పగలు నిద్ర, రాత్రి మెలకువతో ఇంకో రెండు. ఆదివారాలు రెండు. తిరుపతికో యాదగిరిగుట్టకో ఒకటి. సన్మానానికి ఒకటి. ఈ సన్మానం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. మీరొస్తున్నారని కబురందగానే హెచ్చెం (బడి హెడ్మాస్టరు) ఫ్లెక్సీ కొట్టించాలి, శాలువాలు తేవాలి, పిల్లలకు స్వాగతగీతం నేర్పాలి. ముందు రెండు రోజులు పాఠాలుండవు. ఆ రోజు సర్పంచి వచ్చేదాకా పిల్లలు ఎండలో వరసల్లో నిలబడతారు, అన్నం చల్లారిపోతుంది. సన్మానం వద్దని మీరు కాగితం మీద రాసి పంపితే తప్ప ఇది ఆగదు. నోటిమాటగా వద్దంటే మర్యాదకు అన్నారనుకుంటారు.

పోతే, డబ్బు. టికెట్టు ఒక్కోటి 1,500 డాలర్లని వేసుకున్నా 12 మందికి 18,000 డాలర్లు. డాలరు 85 రూపాయల లెక్కన 15 లక్షల పైమాట. నెలకు 15 వేల జీతంతో ఒక నీళ్ల ప్లాంటు ఆపరేటర్ను ఎనిమిదేళ్లకు పైగా పెట్టుకోవచ్చు. రావద్దని ఈ లెక్క చెప్పడం లేదు. మీ పిల్లలు అమ్మమ్మ ఊరు చూడాలి, అది మాకూ ఇష్టమే. ఆ ప్రయాణం ఖర్చును సేవ ఖాతాలో రాసుకోకండి, అంతే. టికెట్లకు పెట్టిన దానిలో పదో వంతు ఊళ్లో మరమ్మతుల ఖాతాలో వేసే నియమం పెట్టుకుంటే సగం సమస్యలు తీరతాయి.

ఇప్పుడు అసలు విషయం, ఆర్వో ప్లాంట్లు, అంటే బోరు నీళ్లలో ఉప్పు తీసి తాగునీళ్లు చేసే యంత్రాలు. మీ సంఘాలు ఊళ్లకు ఇష్టంగా ఇచ్చే కానుక ఇదే, అందరికంటే ముందు మూలపడేదీ ఇదే. గంటకు వెయ్యి లీటర్ల ప్లాంటును తీసుకోండి. బోరు నీళ్లు ముందు ఇసుక ఫిల్టర్లోకి, తర్వాత కార్బన్ ఫిల్టర్లోకి పోతాయి. అక్కడ చుక్క చుక్కగా యాంటీస్కేలెంట్ అనే మందు కలుస్తుంది. 5 మైక్రాన్ల కాట్రిడ్జ్ దాటి, హై ప్రెషర్ పంపు తోస్తే మెంబ్రేన్లలోకి, అంటే ఉప్పును ఆపే సన్న పొరలున్న గొట్టాల్లోకి, చేరతాయి. సాధారణంగా నాలుగంగుళాల లావు, నలభై అంగుళాల పొడవు మెంబ్రేన్లు నాలుగు. లోపలికి పోయిన నీళ్లలో సుమారు సగం మంచినీళ్లుగా, సగం ఉప్పునీళ్లుగా బయటికొస్తాయి. ఆ రెండో సగాన్ని మావాళ్లు వేస్ట్ వాటర్ అంటారు.

ఇది చెడేది యాంటీస్కేలెంట్ దగ్గర. సగం నీళ్లు లాగేసినప్పుడు మిగిలిన సగంలో ఉప్పు రెట్టింపు చిక్కబడుతుంది. సున్నం ఎక్కువున్న మన బోరు నీళ్లలో అది పలుకులు కట్టి చివరి మెంబ్రేన్ మీద పేరుకుంటుంది. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టే పొరలాంటిదే. పట్టకుండా ఆపేది ఆ మందు. లీటరు బోరు నీటికి 4 మిల్లీగ్రాములు వేస్తే, గంటకు 2,000 లీటర్లకు 8 గ్రాములు, రోజుకు ఆరు గంటలు నడిస్తే 48 గ్రాములు, నెలకు కిలోన్నర. ఎంత చిన్న లెక్కో చూడండి. ఆ కిలోన్నర కొనడానికి ఎవరి దగ్గరా పద్దు ఉండదు. ఇరవై లీటర్ల టిన్ను ఐదు రూపాయలకు అమ్మితే వచ్చే డబ్బు కరెంటు బిల్లుకూ ఆపరేటర్ జీతానికీ సరిపోతుంది. మందు డబ్బా ఖాళీ అవుతుంది. డోసింగ్ పంపు గాలి లాగుతూ టిక్ టిక్ మంటూనే ఉంటుంది కాబట్టి బయటికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. నీళ్లు తగ్గాయని ఊళ్లోవాళ్లు అరిస్తే ఆపరేటర్ వేస్ట్ వాటర్ వాల్వు కాస్త బిగిస్తాడు. మంచినీళ్లు ఓ పూట ఎక్కువొస్తాయి, పొర రెట్టింపు వేగంతో పడుతుంది. రెండు మూడేళ్లు రావలసిన మెంబ్రేన్లు ఎనిమిది నెలల్లో పోతాయి. ఆ తర్వాత షెడ్డు మిగులుతుంది, దాని మీద దాతల పేర్ల రాయి మిగులుతుంది.

ఇక్కడ మీ పిల్లలు చేయగల పని ఉంది, ఇంజనీర్లు కానక్కర్లేదు. ఇరవై లీటర్ల బకెట్టు, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. ప్లాంటు వేసి పది నిమిషాలు నడవనివ్వాలి. మంచినీళ్ల పైపు కింద బకెట్టు పెట్టి నిండే సమయం చూడాలి. 72 సెకన్లలో నిండితే గంటకు సరిగ్గా వెయ్యి లీటర్లు. 100 సెకన్లు పడితే 720 లీటర్లు, అంటే నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ఇదే పని వేస్ట్ వాటర్ పైపు కింద కూడా చేయాలి. రెండు బకెట్లూ ఇంచుమించు ఒకే సమయంలో నిండితే సగం సగం వస్తున్నట్టు. వేస్ట్ బకెట్టు బాగా ఆలస్యంగా నిండుతుంటే ఎవరో వాల్వు బిగించారు. పదిహేను శాతం లోపు తగ్గినప్పుడే టెక్నీషియన్ను పిలిచి సిట్రిక్ యాసిడ్‌తో కడిగిస్తే మెంబ్రేన్ తేరుకుంటుంది. ముప్పై శాతం దాకా చూస్తూ కూర్చుంటే కడిగినా పెద్దగా లాభముండదు.

తర్వాత టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం. పెన్నులాంటి మీటరు తెస్తారు, మంచిదే. తెచ్చేముందు ఉప్పు ఎంతుందో తెలిసిన 342 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ద్రావణం సీసా కూడా తెచ్చుకుని అందులో సరిచూడండి. సరిచూడని మీటరు వందకు నూట యాభై చూపించి ఊరంతా గొడవ పెట్టగలదు. ముంచే ముందు అదే నీళ్లతో రెండుసార్లు తొలిచి, అంకె కదలకుండా నిలిచేదాకా ఆగాలి. బోరు నీళ్లది ఒకటి, మంచినీళ్లది ఒకటి రాయాలి. ఈ అంకెను బకెట్టు సమయంతో కలిపి చదివితేనే జబ్బు తెలుస్తుంది. నీళ్లు తగ్గి, టీడీఎస్ పెరిగితే సున్నం పొర. నీళ్లు పెరిగి, టీడీఎస్ కూడా పెరిగితే క్లోరిన్ దెబ్బ: ఎవరో బోరు ట్యాంకులో బ్లీచింగ్ వేశారు, కార్బన్ పాతబడి దాన్ని ఆపలేకపోయింది, క్లోరిన్ మెంబ్రేన్ను తినేసింది. అది కడిగితే బాగవదు, మార్చాల్సిందే. కాట్రిడ్జ్‌కు ముందూ వెనకా ఒత్తిడి చూపే గేజీలుంటాయి, ఆ రెండు అంకెల తేడా పెరుగుతుంటే కాట్రిడ్జ్ పూడింది. తేదీ, రెండు టీడీఎస్‌లు, రెండు బకెట్ల సెకన్లు, రెండు గేజీలు: ఏడు గళ్ల నోటు పుస్తకం. మీ పిల్లలు వారం రోజులు తొమ్మిదో తరగతి పిల్లలతో కలిసి రాసి, పుస్తకాన్ని వాళ్ల సైన్సు టీచరుకు అప్పగించాలి. ఆ తర్వాత నెలకోసారి పేజీ ఫొటో మీకు వస్తుంది. మీరు అమెరికాలో కూర్చుని మందు డబ్బాకు డబ్బు పంపే సమయం ఆ పేజీ చెబుతుంది. ఏప్రిల్, మే పేజీలు ముఖ్యంగా చూడండి. భూగర్భ జలం దిగిపోయినప్పుడు చాలాచోట్ల బోరు టీడీఎస్ పెరుగుతుంది, డిసెంబరు అంకెలు చూసి నిర్ణయాలు చేస్తే మోసపోతారు.

టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను చూపించదు. నల్లగొండ, ప్రకాశం వైపు ఊళ్లకు వెళ్లే జట్లకు ఇది తెలియాలి. టీడీఎస్ 400 ఉన్న బోరులో ఫ్లోరైడ్ 3 ఉండొచ్చు. మన ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. దానికి రంగు మారే కిట్ వేరే ఉంటుంది. ఆ ఊళ్లలో వేస్ట్ వాటర్ను బోరు పక్క ఇంకుడు గుంతలోకి వదిలితే తీసిన ఫ్లోరైడ్ మళ్లీ అక్కడికే చేరుతుంది. మరొకటి: కొత్త ప్లాంటు ఇచ్చే ముందు ఇంటి నల్లాలో ఏం వస్తోందో కొలవండి. తెలంగాణలో మిషన్ భగీరథ కింద నది నీళ్లు శుద్ధి చేసి వస్తున్న ఊరికి ఆర్వో అవసరమే ఉండకపోవచ్చు. అక్కడ కావాల్సింది నల్లా చివరన క్లోరిన్ మిగిలిందో లేదో చూసి చెప్పే మనిషి.

వైద్య శిబిరాల దగ్గరికి వస్తే మా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది. ఇద్దరు డాక్టర్లు ఆరు గంటల్లో మూడు వందల మందిని చూశారని బ్యానర్ మీద రాస్తారు. భాగిస్తే మనిషికి రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు. ఓ పెద్దావిడ మైలు దూరం ఎండలో నడిచొచ్చి, గంట లైనులో నిలబడి, కూర్చోగానే బీపీ కఫ్ కడితే 160 చూపిస్తుంది. పది రోజుల మాత్రలు చేతిలో పడతాయి. పదకొండో రోజు మాత్రలుండవు. లేదా ఇదివరకే పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) నుంచి అదే మందు వేరే రంగు అట్టలో తెచ్చుకుని ఉంటుంది, రెండూ వేసుకుంటుంది, కళ్లు తిరిగి పడుతుంది. రక్తపోటు మందు ఏళ్ల తరబడి వేసుకునేది. నెలనెలా ఇచ్చేది పీహెచ్‌సీ, ఇంటికొచ్చి అడిగేది ఊరి ఆరోగ్య కార్యకర్తలు ఏఎన్ఎం, ఆశా. శిబిరంలో తేలిన పేర్లు ఆ ఇద్దరి పుస్తకంలోకి ఎక్కకపోతే శిబిరం జరగనట్టే.

బీపీ కొలవడం పదహారేళ్ల పిల్లలు నేర్చుకోగలరు, అయితే పద్ధతిగా. వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోబెట్టి ఐదు నిమిషాలు మాట్లాడించకుండా ఉంచాలి. అరగంట లోపు చుట్ట, బీడీ, టీ తాగి ఉంటే ఇంకాసేపు ఆపాలి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. చీర కొంగు మీదనో చొక్కా చేతి మీదనో కఫ్ కట్టకూడదు. కూలి పనులు చేసేవాళ్ల చేతులు సన్నగా ఉంటాయి, పెద్ద కఫ్ కడితే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, కాబట్టి చిన్న సైజుది ఒకటి తేవాలి. నిమిషం ఆగి రెండోసారి కొలిచి రెండూ రాయాలి. ‘బీపీ ఉంది’ అన్న మాట పిల్లల నోట రాకూడదు. వేరే రోజు మళ్లీ కొలిచి, చెప్పవలసింది పీహెచ్‌సీ డాక్టరు. సూది పొడిచే పని, అంటే చక్కెర పరీక్ష, పిల్లలకు ఇవ్వొద్దు. అనుభవం వస్తుందని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. మీ ఊళ్లో ఏ ఆసుపత్రీ ఒప్పుకోని పనికి మా ఊరి వేళ్లు ఎందుకు? పైగా వాడిన లాన్సెట్లు (పొడిచే సూదులు) గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, నెత్తురంటిన దూది పసుపు సంచిలోకి పోవాలని 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నియమాలు చెబుతున్నాయి. బడి వెనక చెత్తకుప్పలో తగలబెట్టడం కాదు.

మీతో వచ్చే డాక్టర్లకు విదేశీ పౌరసత్వం ఉంటే ఇక్కడ మందు రాయడానికి జాతీయ వైద్య కమిషన్ తాత్కాలిక అనుమతి కావాలి. ఇక్కడ చదివి వెళ్లినవాళ్లు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్లో తమ రిజిస్ట్రేషన్ బతికి ఉందో లేదో చూసుకోవాలి. సూట్‌కేసులో తెచ్చే నమూనా మందులు వద్దు.

దగ్గరి చూపు అద్దాలు మాత్రం తేవచ్చు. నలభై దాటిన దర్జీ, బియ్యంలో రాళ్లేరే అమ్మ, వీళ్లకు +1 నుంచి +3 లోపు అద్దం పెట్టగానే తేడా కనిపిస్తుంది. సూదిలో దారం ఎక్కించమని ఇచ్చి చూడండి, అంతకన్నా మంచి పరీక్ష లేదు. కళ్లు మసకగా ఉన్నాయన్నవాళ్లను మాత్రం దగ్గర్లోని కంటి ఆసుపత్రికి పంపాలి, శుక్లానికి అద్దం మందు కాదు.

పుస్తకాలు. ఓడలో డబ్బాలకొద్దీ వచ్చే పాత ఇంగ్లిష్ పుస్తకాలు ఇక్కడ ఐదో తరగతి పిల్లాడు చదవలేడు. టీచరు కూడా తెరవరు. తెలుగులో పిల్లల పుస్తకాలు ‘మంచి పుస్తకం’ సంస్థ, ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్ట్ లాంటివాళ్లు చవగ్గా వేస్తున్నారు, ఇక్కడే కొనండి. కొన్నాక జరిగేది వినండి. బడికి వచ్చిన ప్రతి పుస్తకం స్టాక్ రిజిస్టర్‌కు ఎక్కుతుంది. పోతే హెచ్చెం సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకని ఆయన చేసే తెలివైన పని ఒకటే, బీరువాలో పెట్టి తాళం వేయడం. ఆయన్ని తిట్టి లాభం లేదు. ఏటా పదో వంతు పుస్తకాలు చిరిగినా పోయినా రద్దు రాసేయవచ్చని బడి కమిటీ చేత ముందే తీర్మానం చేయించండి. తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలున్నాయి, వాళ్లను అడగండి. ఆ తీర్మానం కాగితం చేతికొచ్చాకే డబ్బు పంపండి. గోడకు రెండు మేకులు కొట్టి, నైలాన్ తాడు కట్టి, పిన్ను కొట్టిన సన్న పుస్తకాలను మధ్య పేజీకి తెరిచి వేలాడదీస్తే బీరువాతో పనే లేదు. పిల్లల నడుము ఎత్తులో కట్టాలి, టీచర్ల ఎత్తులో కాదు.

చదవడం కూడా కొలవొచ్చు. అక్షరాలు, పదాలు, నాలుగు వాక్యాల పేరా, చిన్న కథ: ఏ మెట్టు దాకా తడుముకోకుండా చదివారో ఒక్కో పిల్లకు ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. వినడానికి ఊళ్లో ఇంటర్ చదివే అమ్మాయిని పెట్టుకోండి, మీ పిల్లలు రాసుకుంటారు. అదే కాగితం మీ పిల్లల ముందు కూడా పెట్టండి. వాళ్లు ‘ఖ’ దగ్గరో ‘ఘ’ దగ్గరో ఆగుతారు, రెండో తరగతి పాప వేలు పట్టి దిద్దిస్తుంది. ఆ గంట రెండు వైపులా బాగుంటుంది. స్పోకెన్ ఇంగ్లిష్ పేరుతో ఐదు రోజులు పాఠం చెప్పడంకన్నా ఇదే ఎక్కువ గుర్తుంటుంది.

గోడ మీద ప్రపంచ పటం వేయాలనే సరదా ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. విదేశీ వెబ్‌సైటు నుంచి దించిన పటంలో కశ్మీరు చుక్కల గీతలతో ఉంటుంది. భారత సరిహద్దులను తప్పుగా చూపించే పటం ఇక్కడ నేరం. మీరు విమానం ఎక్కేస్తారు, సమాధానం చెప్పుకోవలసింది హెచ్చెం. సర్వే ఆఫ్ ఇండియా పటం తప్ప మరోటి వాడకండి. తెలంగాణలో ఇప్పుడు 33 జిల్లాలు, ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 2022లోనూ ఆ తర్వాతా మారాయి, మీ నాన్నగారి కాలం నాటి పటం పనికిరాదు.

అనాథాశ్రమాలకు తీసుకెళ్లడం పూర్తిగా ఆపేయాలని మా మాట. కంబోడియాలో 2005, 2010 మధ్య ఇలాంటి హోంలు 75 శాతం పెరిగాయి, అందులో ఉన్న పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో ఉన్నారని యునిసెఫ్‌తో కలిసి చేసిన అధ్యయనాల్లో తేలింది. చూడ్డానికి విదేశీయులు వస్తుంటే, చూపించడానికి పిల్లలు కావలసి వచ్చారు. నేపాల్లోనూ ఇదే కథ. ఇక్కడ కూడా వారం రోజులు ముద్దుచేసి వెళ్లిపోయే అక్కలూ అన్నయ్యలూ నెలకో జట్టు వస్తే ఆ పసివాళ్ల మనసు ఏమవుతుందో ఆలోచించండి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల ఫొటో, పేరు, బడి బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ‘మై ఇండియా ట్రిప్’ అని పెట్టే ఫొటోకు కూడా ఇది వర్తిస్తుంది. మామూలు బడి పిల్లల ఫొటోలకైనా తల్లిదండ్రులను అడగండి.

కాగితాల పని త్వరగా చెబుతాం. ఈ-టూరిస్ట్ వీసా మీద జీతం, ప్రతిఫలం లేని స్వచ్ఛంద సేవ నెల రోజుల దాకా చేయొచ్చు, దరఖాస్తులో ఆ కారణమే గుర్తుపెట్టాలి. ఓసీఐ కార్డున్న (విదేశీ పౌరులైన భారత సంతతి) పిల్లలకు సేవకు అడ్డు లేదు కానీ పరిశోధనకు ప్రత్యేక అనుమతి తప్పనిసరని 2021 మార్చి నోటిఫికేషన్ చెబుతోంది. అందుకే ప్లాంటు అంకెలు ఊరి పుస్తకంలో ఊరి కోసం రాయడం వేరు, ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగి కాలేజీ కోసం పేపరు రాయడం వేరు. రెండోది చేసేట్టయితే ముందే అనుమతి తీసుకోండి. పాడేరు, సీతంపేట, భద్రాచలం, ఉట్నూరు వైపు ఏజెన్సీ (గిరిజన ప్రాంత) గ్రామాలకైతే అక్కడి గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు చెప్పి వెళ్లాలి, దోమతెర, మలేరియా జాగ్రత్తలు ఉండాలి. కుక్క కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి వెంటనే టీకాకు పోవాలి, అంబులెన్సుకు 108.

మీ సంఘం అమెరికాలో రిజిస్టరైన సంస్థ అయితే, దాతలంతా భారత పౌరులే అయినా, అది పంపే డబ్బు విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలో మాత్రమే తీసుకోగలదు. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని మరో సంస్థకు మళ్లించలేదు. కాబట్టి ‘హైదరాబాద్ ట్రస్టుకు వేస్తాం, వాళ్లు మీ ఊరి సొసైటీకి వేస్తారు’ అన్న దారి మూసుకుపోయింది. ఊరి సొసైటీ కార్యదర్శి సొంత ఖాతాకు పంపితే ఆయన్ని చిక్కుల్లో పడేసినట్టే. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా నేరుగా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. మరమ్మతుల ఖాతాకు మేం సూచించే దారి అదే.

డిసెంబరులో రావాలనుకుంటే ఆగస్టులోపు రాయండి. ఊరి పేరు, గతంలో మీరు గానీ మరెవరు గానీ అక్కడ ఏం ఇచ్చారో జాబితా పంపండి. కొత్త ఊరు వెతకొద్దు, ఇదివరకు ఇచ్చిన ఊరికే రండి. సెప్టెంబరులో మేం వెళ్లి అందులో ఏది నడుస్తోంది, ఏది ఆగింది చూసి చెబుతాం. అక్టోబరులో మండల విద్యాధికారి అనుమతి, కమిటీ తీర్మానం. జట్టుకు ఆరుగురు పిల్లలు, ఇద్దరు పెద్దలు మించొద్దు. పన్నెండు మంది వస్తే ఊరంతా వాళ్ల చుట్టూ తిరగడానికే సరిపోతుంది. సామానులో సరిచూసిన టీడీఎస్ మీటర్లు రెండు, ద్రావణం సీసా, ఫ్లోరైడ్ కిట్, చిన్న కఫ్‌తో బీపీ మిషన్, దగ్గరి చూపు అద్దాలు యాభై, గట్టి అట్ట నోటు పుస్తకాలు నాలుగు. బకెట్టు తేనక్కర్లేదు, ప్లాంటు దగ్గరే ఉంటుంది. ఒకవేళ అడుగు చిల్లిపడి ఉంటే అది కూడా పుస్తకంలో మొదటి పేజీలో రాయించండి.

ఇట్లు,
పల్లె బడులు, తాగునీరు, ప్రాథమిక వైద్యం పనుల్లో ఉన్న కొందరు